సిమెంటు గట్టిపడేదాకా



మాస్టారి పేరున జరిగే ఉపన్యాసంలో మాట్లాడే అవకాశం దక్కడం నాకు గౌరవం. తరగతిలో ఆయన భూగర్భశాస్త్రం చెప్పారు. తరగతి బయట, కోనసీమలో ఎక్కడ చమురు, గ్యాసు బావుల మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినా వెళ్లి ముందు వరసలో కూర్చునేవారు. డ్రిల్లింగుకు ఆయన వ్యతిరేకి కారు. ఎరువుల కర్మాగారాలూ కరెంటు ప్లాంట్లూ ఈ గ్యాసు మీద ఎంతగా ఆధారపడ్డాయో ఆయనకు తెలుసు. ఆయన అడిగే ప్రశ్న మాత్రం మారేది కాదు: అర్ధరాత్రి రిగ్గు మీద ఏదో తేడా కనిపిస్తే పని ఆపమని చెప్పగలిగే మనిషి ఎవరు? చెప్పినందుకు అతని ఉద్యోగానికి భరోసా ఏమిటి? పర్యావరణ నివేదికల్లో పక్షుల జాబితా ఉండేది, చెట్ల లెక్క ఉండేది. ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఉండేది కాదు.

నా ఉద్యోగ జీవితం రిగ్గుల మీదే గడిచింది కాబట్టి ఆ జవాబు వెతికే బాధ్యత నా మీద ఉందనుకుంటున్నాను. నేను చెప్పదలచిన మాట ఒక్కటే. డ్రిల్లింగులో పర్యావరణ బాధ్యత ముందుగా సమయంతో ముడిపడిన విషయం. ఆగాల్సిన చోట ఆగిన బావి నేలనీ నీటినీ గాలినీ చాలావరకు కాపాడుతుంది. ఆగని బావి చేసిన నష్టాన్ని తర్వాత ఎన్ని కోట్లు పెట్టినా పూడ్చలేం.

పాసర్లపూడి

1995 జనవరి 8న కోనసీమలోని పాసర్లపూడి 19వ నంబరు బావిలో గ్యాసు అదుపు తప్పి పైకి తన్నింది. నిప్పంటుకుంది. మార్చి 15న మూత బిగించేదాకా, రెండు నెలలకు పైగా, ఆ మంట ఆరలేదు. ఈ సభలో యాభై దాటినవాళ్లకు నేను దాన్ని వర్ణించనక్కర్లేదు. దగ్గరి ఊళ్ల జనం ఇళ్లూ పశువులూ వదిలి వెళ్లాల్సివచ్చింది. రాత్రి పగలుగా మారింది. తోటల్లో కొబ్బరిచెట్లు నిలువునా మాడాయి.

ఆ మంటను ఆర్పిన తీరు గురించి చాలామంది రాశారు. నీళ్లు చిమ్ముతూ దగ్గరికి వెళ్లి, వేడికి వంగిపోయిన రిగ్గు ఇనుమును లాగి పారేసి, బావి నోటికి కొత్త మూత బిగించారు. ఆ ధైర్యానికి చేతులెత్తి నమస్కరించాలి. కానీ బావి ఇలా అదుపు తప్పడం, అంటే బ్లోఅవుట్, చెప్పాపెట్టకుండా వచ్చే పిడుగు కాదు. చాలా సందర్భాల్లో దానికి ముందు కొన్ని నిమిషాలు, ఒక్కోసారి గంటలు, బావి కబురు పంపుతూనే ఉంటుంది. ఆ కబురు ఎలా వస్తుందో కొంచెం వివరంగా చెబుతాను. పర్యావరణ రక్షణ మొదలయ్యేది అక్కడే.

మడ్ పంపే కబురు

రిగ్గు మీద అందరూ మడ్ అనే ద్రవం నీటిలో బెంటొనైట్ మట్టి కలిపి తయారుచేసింది. పైపు లోపలి నుంచి పంపుతో దాన్ని కిందికి తోస్తారు. రాతిని కోసే బిట్ చివర బయటికొచ్చి, పైపుకూ బావి గోడకూ మధ్య ఉన్న సందులోంచి రాతి తునకలను మోసుకుంటూ పైకి వస్తుంది. బిట్‌ను చల్లబరుస్తుంది, గోడ కూలకుండా పట్టి ఉంచుతుంది. అన్నిటికంటే ముఖ్యమైన పని మరొకటి ఉంది. తన బరువుతో కిందున్న గ్యాసును అణచి ఉంచుతుంది.

ప్రతి 10 మీటర్ల లోతుకు నీటి బరువు దాదాపు ఒక వాతావరణ పీడనమంత ఒత్తిడి పెంచుతుంది. 3,000 మీటర్ల లోతులో అది 300 రెట్లు. కృష్ణా గోదావరి బేసిన్‌లో చాలాచోట్ల రాతిలోని పీడనం అంతకంటే ఎక్కువ. అందుకని మడ్ బరువు పెంచడానికి బెరైట్ పొడి కలుపుతారు. నీటికి నాలుగు రెట్లకు పైగా బరువుండే ఖనిజం అది. ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట గనిలో దొరికేది అదే. దేశంలోని బెరైట్‌లో 90 శాతానికి పైగా ఆ ఒక్కచోటే ఉత్పత్తి అవుతోంది. అక్కడి ముగ్గురాయి గల్ఫ్ దేశాల బావుల్లోకీ అమెరికా బావుల్లోకీ వెళ్తుంది. ప్రపంచంలో ఎక్కడో ఒక బావి ఈ రాత్రి అదుపులో ఉందంటే అందులో రాయలసీమ కార్మికుడి చెమట కూడా ఉండవచ్చు.

ఇక ఆ కబురు సంగతి. బిట్ మార్చడానికి మొత్తం పైపును బయటికి లాగాలి. లాగిన ఇనుము ఎంత చోటు ఖాళీ చేసిందో అంత మడ్‌ను బావిలో నింపుతూ ఉండాలి. మామూలుగా వాడే ఐదంగుళాల పైపైతే, మూడేసి పైపుల స్టాండ్లు ఐదు లాగితే బావి 500 లీటర్ల పైచిలుకు మడ్ పట్టాలి. అలా నింపే మడ్‌ను కొలిచే ట్రిప్ ట్యాంకు దగ్గర నిలబడ్డ కుర్రాడు ప్రతి ఐదు స్టాండ్లకూ ఆ లెక్క పలక మీద రాస్తాడు. 500 పట్టాల్సిన చోట 400 మాత్రమే పట్టిందనుకోండి. మిగతా చోటు ఖాళీగా ఉండదు. కింద రాతిలోంచి గ్యాసో నీరో వచ్చి అందులో కూర్చుంది. పైపును వేగంగా లాగినప్పుడు ఇలా జరుగుతుంది. పిచికారీలోకి నీరు వచ్చినట్టు గ్యాసు బావిలోకి వస్తుంది. అంత లోతులో లీటరు ఉన్న గ్యాసు పైకి చేరేసరికి వందల లీటర్లుగా ఉబ్బుతుంది. ఉబ్బుతూ పైనున్న మడ్‌ను బయటికి తోస్తుంది. బరువు తగ్గేకొద్దీ కింద నుంచి మరింత గ్యాసు దూరుతుంది.

అప్పుడు చేయాల్సింది పుస్తకాల్లో స్పష్టంగా ఉంది. లాగడం ఆపాలి. పంపులు ఆపి, బావి దానంతట అదే పారుతోందేమో చూడాలి. పారుతుంటే బ్లోఅవుట్ ప్రివెంటర్, మేం బీఓపీ అంటాం, మూసేయాలి. పైపును మళ్లీ అడుగుదాకా దించి, బరువైన మడ్‌తో గ్యాసును నెమ్మదిగా బయటికి నడిపించాలి. దీనికి గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజులు. రిగ్గుకు రోజువారీ అద్దె ఉంటుంది. పలక మీద తేడా చూసిన కుర్రాడు చాలాసార్లు కాంట్రాక్టు ఉద్యోగి. అతను నోరు విప్పితే ఆగేది లక్షల రూపాయల పని. ఆ వంద లీటర్ల తేడా దగ్గర అతను మాట్లాడగలిగాడా లేదా అన్నదాని మీదే చుట్టుపక్కల తోటల భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

ఆగని రెండు చోట్లు

బావి కొంత లోతు వెళ్లాక ఇనుప గొట్టం దించుతారు, దాన్ని కేసింగ్ అంటారు. కేసింగుకూ రాతికీ మధ్య సందును సిమెంటుతో నింపుతారు. మన తాగునీటి పొరను కిందున్న గ్యాసు నుంచీ ఉప్పునీటి నుంచీ వేరుచేసేది ఆ సిమెంటు పొరే. కోనసీమలో ఇది ఇంకా ముఖ్యం. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఇసుక పైపొరల్లో ఉన్న కొద్దిపాటి మంచినీటి కింద ఉప్పునీరు కాచుకుని ఉంటుంది. ఆ రెండింటి మధ్య దారి తెరుచుకుంటే ఊరి బావి నీరు మళ్లీ మంచినీరు కాదు.

ఇల్లు కట్టుకునేవాళ్లకు స్లాబు కింద సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలో తెలుసు. ఎంత తొందరున్నా మేస్త్రీ సరే అనేదాకా ఆగుతారు. చమురు బావి దగ్గర ఆ ఓపిక చూపనందుకు ఏమైందో రెండు ఉదాహరణలు చెబుతాను.

2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలింది. 11 మంది చనిపోయారు. 87 రోజులు సముద్రం అడుగున చమురు పారింది. అమెరికా ప్రభుత్వ అంచనా ప్రకారం దాదాపు 49 లక్షల బ్యారెళ్లు. ఆ రిగ్గు రోజు అద్దె సుమారు 5 లక్షల డాలర్లు. బావి పని అప్పటికే నెలకు పైగా ఆలస్యమైంది. సిమెంటు సరిగా పట్టిందో లేదో చూసే పరీక్ష కోసం నిపుణుల బృందం రిగ్గు మీదికి వచ్చింది కూడా. పరీక్ష అక్కర్లేదని ఆ ఉదయమే వాళ్లను హెలికాప్టర్‌లో వెనక్కి పంపేశారు. తర్వాత చేసిన పీడన పరీక్షలో అంకెలు తేడాగా వచ్చాయి. వాటికి సర్దిచెప్పుకునే కారణం వెతుక్కుని ముందుకు వెళ్లారు. ఆ రాత్రే పేలుడు.

రెండోది మన దేశంలోనే. అస్సాంలోని బాఘ్‌జాన్‌లో 5వ నంబరు బావి 2020 మే 27న అదుపు తప్పింది. జూన్ 9న నిప్పంటుకుంది. ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. మంట పూర్తిగా ఆరింది నవంబరు 15న. వేలమంది సహాయ శిబిరాల్లో గడిపారు. పక్కనే డిబ్రూ సైఖోవా జాతీయ వనం, మాగురీ మోటాపుంగ్ చిత్తడి నేల ఉన్నాయి. ఆ నీటి మీద చమురు తేలింది, చేపలు చచ్చాయి. విచారణ నివేదికలు ఎత్తిచూపిన లోపం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. బావిలో వేసిన సిమెంటు ప్లగ్ గట్టిపడి నిలబడిందని నిర్ధారించుకోకముందే బీఓపీని తీసేశారు.

ఒకటి సముద్రంలో అత్యాధునికమైన రిగ్గు. మరొకటి ఊరి పక్కన పాత బావి మీద మరమ్మతు పని. దేశాలు వేరు, కంపెనీలు వేరు. రెండుచోట్లా పరికరాలు ఉన్నాయి, నియమాలు ఉన్నాయి, తెలిసిన మనుషులు ఉన్నారు. లోపించింది ఆగడం.

గుంటలో మిగిలేది

ప్రమాదం జరగని బావి కూడా నేల మీద గుర్తు వదులుతుంది. 3,000 మీటర్ల బావి ఒకటి తవ్వితే బయటికొచ్చే రాతి తునకలు, మామూలు బావి కొలతలతో లెక్కేస్తే, 200 ఘనపు మీటర్లు దాటుతాయి. షేల్ షేకర్ అనే జల్లెడ వాటిని మడ్ నుంచి వేరుచేస్తుంది. అయినా కొంత మడ్, అందులోని రసాయనాలు వాటిని అంటిపెట్టుకునే ఉంటాయి. వరిచేను పక్కన గుంట తీసి అందులో పోస్తే, మొదటి భారీ వానకు పొంగి బోదెలోకి, బోదె నుంచి కాలువలోకి చేరుతుంది.

దీనికి మన దేశంలో నియమాలు ఉన్నాయి. కేంద్ర పర్యావరణ శాఖ 2005 ఆగస్టు 30న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం గుంటకు నీరు ఇంకని ప్లాస్టిక్ పొర వేయాలి. తునకలను కడగాలి. మడ్‌లో కలిపే బెరైట్‌లో పాదరసం కిలోకు 1 మిల్లీగ్రాము, కాడ్మియం 3 మిల్లీగ్రాములు మించకూడదు. నియమం బాగుంది. దాన్ని కొలిచేది ఎవరు, ఎప్పుడు, కొలిచిన కాగితం ఊళ్లో ఎవరికి కనిపిస్తుంది అన్నదే సమస్య. బాధ్యత తెలిసిన కంపెనీలు ఇప్పుడు గుంటే లేకుండా పనిచేస్తున్నాయి. షేకర్ కింద ఇనుప తొట్లు పెట్టి, తునకలను నేల తాకనివ్వకుండా లారీల్లో తరలిస్తారు. మడ్‌ను సెంట్రిఫ్యూజుల్లో శుభ్రంచేసి తర్వాతి బావికి వాడతారు. దీనివల్ల కొత్త నీరు తక్కువ పడుతుంది, కొత్త రసాయనాలూ తక్కువ పడతాయి. రైతు నేల కూడా పాడవకుండా మిగులుతుంది.

బావి నుంచి గ్యాసుతో, చమురుతో పాటు ఉప్పునీరు కూడా వస్తుంది. బావి ముసలిదయ్యేకొద్దీ అది పెరుగుతుంది. దాన్ని వేరుచేసి, లోతైన పొరలోకి తిరిగి పంపడమే సరైన పద్ధతి. ఈ నీటిని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో నగరం గ్రామం చూసింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున తాటిపాక దగ్గర గ్యాసు పైపులైను పగిలి మంటలు లేచాయి. 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాసు వెళ్లాల్సిన గొట్టంలో తడి గ్యాసు వెళ్లి, లోపల తుప్పు తినేసిందని దర్యాప్తులో తేలింది. నీటిని తీసేసే యంత్రం పెట్టేదాకా గ్యాసు పంపడం ఆపి ఉంటే ఆ కుటుంబాలు ఈ రోజు మన మధ్య ఉండేవి.

తక్కువ నేల, తక్కువ మంట

ఇంగ్లండులో డోర్సెట్ తీరాన విచ్ ఫామ్ అనే చమురు క్షేత్రం ఉంది. చమురులో పెద్ద భాగం సముద్రం కింద ఉంది. పైన పక్షులకు నిలయమైన, పడవ విహారాలకు పేరున్న పూల్ తీరం. మొదట అక్కడ కృత్రిమ దీవి కట్టాలనుకున్నారు. తర్వాత ఆలోచన మార్చుకుని ఒడ్డునే రిగ్గు పెట్టి, బావిని అడ్డంగా వంచి సముద్రం కిందికి తవ్వారు. 1990ల చివరికి అలా అడ్డంగా 10 కిలోమీటర్లు దాటి వెళ్లారు. సముద్రంలో ఒక్క రాయి వేయలేదు.

పాతికేళ్లు దాటిన ఈ విద్య మన ఇంజనీర్లకూ కొత్తది కాదు. కోరింగ మడ అడవుల అంచున, లంకల్లో, కొబ్బరి తోటల నడుమ బావి తవ్వాలన్నప్పుడు మొదట వేయాల్సిన ప్రశ్న ఇది: నాలుగు చోట్ల నాలుగు రోడ్లు వేసి నాలుగు బావులు తవ్వే బదులు, ఒకేచోట నుంచి నాలుగు దిక్కులకు వంచి తవ్వగలమా? ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ ఆ ఖర్చు కంపెనీ ఖాతాలో పడుతుంది. నాలుగు చోట్ల తవ్వితే పడే ఖర్చు రైతు ఖాతాలో పడుతుంది.

మంట సంగతి కూడా అంతే. కొత్త బావిని పరీక్షించేటప్పుడు గ్యాసును గాలిలో మండించడం పాత అలవాటు. నార్వే 1970ల తొలి రోజుల నుంచే అనవసరంగా గ్యాసు మండించడాన్ని నిషేధించింది.   ఆ నిషేధం వల్ల నార్వే పేదదేశం కాలేదు. మండకుండా తప్పించుకునే మీథేన్ ఇంకా ప్రమాదకరం. ఇరవై ఏళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కంటే 80 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. వాల్వులు బిగించడం, లీకులను ప్రత్యేక కెమెరాలతో వెతకడం పెద్ద ఖర్చు కాదు. దొరికిన ప్రతి లీకూ అమ్ముకోదగిన గ్యాసే.

బావి మూసిన రోజు

బావి ప్రారంభోత్సవానికి అందరూ వస్తారు. మూసేటప్పుడు ఎవరూ రారు. గ్యాసు అయిపోయిన బావిని గాలికి వదిలేస్తే కేసింగ్ తుప్పు పడుతుంది, సిమెంటు పగుళ్లిస్తుంది, కింది పొరల్లోని మిగులు గ్యాసు నెమ్మదిగా పైకి దారి చేసుకుంటుంది. అమెరికాలో యజమాని అంటూ లేని ఇలాంటి అనాథ బావులు అధికారిక లెక్కలోకి వచ్చినవే లక్ష దాటాయి. వాటిని మూయడానికి 2021లో చేసిన చట్టంలో ప్రజల సొమ్ము 470 కోట్ల డాలర్లు కేటాయించారు. లాభం తీసుకున్నవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు.

సరిగ్గా మూయడమంటే ఒక్కో పొరకు ఎదురుగా సిమెంటు ప్లగ్ వేసి, గట్టిపడేదాకా ఆగి, పీడనం పెట్టి పరీక్షించి, పైన కేసింగును నేలమట్టానికి కింద కోసి మూత వేయడం. తర్వాత తీసుకున్న నేలలో పాత పైమట్టిని మళ్లీ పరిచి రైతుకు అప్పగించడం. ఇది జరగాలంటే మొదటి రోజు పైమట్టిని విడిగా కుప్పవేసి కాపాడాలి. చివరి రోజు పనిని మొదటి రోజే మొదలుపెట్టాలి.

ఊరికి ఉన్న హక్కు

రిగ్గు మీద ఆపే అధికారం ఎంత ముఖ్యమో, ఊరికి అడిగే అధికారం అంతే ముఖ్యం. ఇక్కడ ఒక విషయం నన్ను బాధపెడుతోంది. 2020 జనవరిలో కేంద్రం చమురు, గ్యాసు అన్వేషణ బావులను పర్యావరణ అనుమతుల్లో బీ2 వర్గంలోకి మార్చింది. ఆ వర్గంలోని పనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. అది ఉత్పత్తి దశకు వచ్చాకే ఉంటుంది. అన్వేషణ బావి అంటేనే కింద ఏ లోతులో ఎంత పీడనం ఉందో ముందుగా తెలియని బావి. ప్రమాదం ఎక్కువున్న దశలోనే ఊరి నోరు మూసినట్లయింది. మాస్టారు ముందు వరసలో కూర్చునే ఆ సభే ఇప్పుడు లేదు. అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణను తిరిగి తేవాలని ఈ వేదిక మీద నుంచి గట్టిగా కోరుతున్నాను.

మరో మూడు విన్నపాలు చేసి ముగిస్తాను.

కంపెనీలకు: పని ఆపే అధికారం రిగ్గు మీదున్న ప్రతి మనిషికీ రాతపూర్వకంగా ఇవ్వండి, కాంట్రాక్టు కార్మికుడితో సహా. తప్పుడు అనుమానంతో ఆపినా అతన్ని శిక్షించకండి. అనవసరంగా ఆపిన పది గంటల నష్టం మీ లెక్కపుస్తకంలో ఒక వరుస. ఆపకుండా పోయిన ఒక్క గంటకు లెక్క పాసర్లపూడిలో ఉంది.

అధికారులకు: సిమెంటు పరీక్ష ఫలితాలను, గుంటల దగ్గరి నేల, నీటి నమూనాల కొలతలను తెలుగులో గ్రామ సచివాలయంలో పెట్టండి. తవ్వకం మొదలుకాకముందే చుట్టుపక్కల బావుల నీటిని పరీక్షించి ఆ కాగితం రైతు చేతికివ్వండి. ముందటి లెక్క లేకుండా తర్వాతి నష్టాన్ని ఏ రైతూ నిరూపించలేడు.

విద్యార్థులకు: ఈ వృత్తిలోకి రండి. వచ్చి మడ్ లెక్కలు రాయండి, సిమెంటు లాగ్‌లు చదవండి, వాల్వుల దగ్గర నిలబడండి. కోనసీమలో పుట్టి, ఇక్కడి నీరు తాగి పెరిగిన ఇంజనీరు ట్రిప్ ట్యాంకు దగ్గర వంద లీటర్ల తేడా చూసినప్పుడు అంకెతో పాటు కింద ఉన్న ఊళ్లు కూడా అతని కళ్ల ముందుంటాయి. అటువంటివాళ్లు ఈ పరిశ్రమకు కావాలి. తొందరపెట్టే పై అధికారి ముందు నిలబడి, సిమెంటు ఇంకా గట్టిపడలేదు, ఆగుదాం అని చెప్పడం నేర్చుకోండి. మీకు ఏ కళాశాల నేర్పినా, నేర్పకపోయినా, ఈ పనిలో అంతకంటే పెద్ద నైపుణ్యం లేదు.